ఏకవచనం కాదు వదినా

మణికొండ,
జూన్ 14

ప్రియమైన వదినకు,

వాసంతి నమస్కారాలు. నీ ఆజ్ఞ ప్రకారం పెన్నుతో, కాగితం మీద రాస్తున్నాను. ఫోన్ చేస్తే అన్నయ్య స్పీకరు పెట్టి పక్కనే కూర్చుంటాడు, వాట్సాప్‌లో పెడితే నీకంటే ముందు తనే చదువుతాడు, నిజమే. కానీ ఉత్తరం కాలేజీ అడ్రసుకు రాయమన్నావు చూడు, అక్కడి అటెండరు ఏమనుకుంటాడో ఆలోచించావా? తెలుగు లెక్చరర్ గారికి రిటైరయ్యే ముందు హైదరాబాదు నుంచి ప్రేమలేఖలు మొదలయ్యాయనుకుంటాడు.

విశేషం ఏమిటంటే నేను మళ్ళీ బళ్ళో చేరాను. నలభై నాలుగేళ్ళ వయసులో జర్మన్ నేర్చుకుంటున్నాను. నవ్వకు. సాఫ్ట్‌వేర్లు, మెషీన్లు ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాయడం నా ఉద్యోగమని నీకు తెలుసుగా. ఇప్పుడా పని చాలావరకు కంప్యూటరే చేసిపారేస్తోంది. మా మేనేజరు హేమంత్ ముప్పై నిండని కుర్రాడు. ఎంతో మర్యాదగా పిలిచి, "వాసంతి గారూ, జర్మనీ ప్రాజెక్టులో కంప్యూటర్ రాసింది సరిచూడ్డానికి ఒక మనిషి కావాలి. డిసెంబరులోగా ఆ భాష పరీక్ష పాసైతే ఆ సీటు మీది. లేకపోతే..." అని ఆగిపోయాడు. ఆ 'లేకపోతే' తర్వాత మాట నేనే పూరించుకుని, ఆ సాయంత్రమే మాదాపూర్‌లో క్లాసులో చేరిపోయాను. క్లాసు ఒక టిఫిన్ సెంటర్ పై అంతస్తులో. కింద పెనం మీద దోసె చుయ్యిమంటుంటే పైన మేం వ్యాకరణం వల్లె వేస్తాం.

ఇదేం భాష వదినా! బల్ల మగవాడట. దీపం ఆడదట. పోనీలే అనుకుంటే, అమ్మాయి మాత్రం నపుంసకమట! ప్రతి నామవాచకానికీ ముందు ఒక తోక. మగవాడు తనే పని చేస్తే 'డేర్'. వాణ్ని ఇంకెవరైనా చూస్తే 'డెన్'. వాడికేమైనా ఇస్తే 'డేమ్'. వాడి వస్తువైతే 'డెస్'. ఆడదాని తోక 'డీ'. కానీ ఆవిడకేమైనా ఇవ్వాలంటే మగవాడి 'డేర్' పట్టుకొచ్చి ఆవిడకి తగిలిస్తారు. మా మాస్టారు ఉదయ్ భాస్కర్‌ని ఎందుకలా అని అడిగితే, "అది అంతేనండి, అలవాటైపోతుంది" అంటాడు. అచ్చం నా పెళ్ళప్పుడు మన పెద్దలు చెప్పినట్టే.

క్లాసంతా ఇరవై రెండేళ్ళ పిల్లలు. నా పక్కన రసజ్ఞ అనే అమ్మాయి కూర్చుని, నేను నోరు తెరిచేలోగా నా తప్పు దిద్దేస్తుంది. వెనక బెంచీలో నా వయసాయన ఒకాయన ఉన్నారు. ఆ ఒక్కటే ఊరట.

నీ మరదలు,
వాసంతి


సామర్లకోట,
జూన్ 23

ముద్దుల మరదలికి,

వదిన రత్నమాల ఆశీస్సులు. అటెండరు కవరు ముందూ వెనకా తిప్పి చూసి, చాలా గౌరవంగా అందించాడు. స్టాఫ్ రూములో నా పరపతి పెరిగింది. కాబట్టి ఆపకు.

నాలుగు విభక్తులకే గోల పెడుతున్నావా! నేను కాపరానికి వచ్చేసరికి నీకు పదకొండేళ్ళు. 'డు, ము, వు, లు ప్రథమా విభక్తి' అని నీ చేత వల్లె వేయించింది ఎవరు? 'చేతన్, చేన్, తోడన్, తోన్' దగ్గరికి వచ్చేసరికి నా ఒళ్ళో తల పెట్టి నిద్రపోయేదానివి. మన మాటలు మాత్రం తక్కువ తిన్నాయా? ఇల్లు అంటాం, 'ఇల్లుకు' వెళ్తామా? ఇంటికి వెళ్తాం. ఒకటికి రెండైతే ఇళ్ళు. చెయ్యి, చేతికి, చేతులు. నీళ్ళకు ఏకవచనం నువ్వెప్పుడైనా ఇంట్లో వాడావా? జర్మన్ పిల్ల ఎవరైనా మన తెలుగు నేర్చుకోవడానికి వస్తే, దాని వదినకు ఇంతకంటే పెద్ద ఉత్తరమే రాస్తుంది.

ఇక అమ్మాయిని నపుంసకం చేశారని బాధపడ్డావు. మనం ఏం చేశాం? ఆఫీసు నుంచి వాసంతి 'వచ్చింది'. మేత మేసి ఆవు కూడా 'వచ్చింది'. మీ అన్నయ్య మాత్రం 'వచ్చాడు'. ఏకవచనంలో ఆడవాళ్ళకీ ఆవులకీ ఒకటే క్రియ. అదే ఇంకొకరు తోడైతే, 'వాళ్ళు వచ్చారు', మగవాళ్ళతో సమానం. ఇందులోని నీతి నీకు విడమరచి చెప్పక్కర్లేదు.

అన్నట్టు, క్లాసులో అందరి పేర్లూ రాశావు. మాస్టారి పేరు, పక్క పిల్ల పేరు, ఆఖరికి మేనేజరు పేరు కూడా. వెనక బెంచీ ఆయన మాత్రం 'ఒకాయన'. ఎందుకో?

ఆశీస్సులతో,
మీ వదిన


మణికొండ,
జూలై 19

వదినా,

నీ నీతి అందింది. జవాబు విను. రెండు ఆవులు కలిసినా 'వచ్చాయి' అనే అంటారు. కాబట్టి బహువచనం ఒక్కటే చాలదు, పక్కన చేరేది ఎవరన్నది ముఖ్యం. నేను ఒకసారి బహువచనంలో ఉండి చూశానుగా. ఆ నాలుగేళ్ళూ ఆ ఇంట్లో నేను బల్లలాగానే ఉన్నాను. ఆ మాట వదిలెయ్యి.

ఇప్పుడు క్లాసులో ఏకవచనాలు, బహువచనాలు నడుస్తున్నాయి. మనకు 'లు' ఒక్కటి చేరిస్తే సగం పని అయిపోతుంది. వీళ్ళకు ఒక్కో మాటకు ఒక్కో పద్ధతి. కొన్నిటికి వెనక ఏదో చేరుతుంది, కొన్నిటికి మధ్యలో అచ్చు మారుతుంది. కొన్ని అసలు మారనే మారవు, ఒకటైనా అదే మాట, వందైనా అదే మాట. ముందున్న తోక చూసి పోల్చుకోవాలి.

ఒకాయన పేరు రంగనాథ్. చాలా? నంద్యాల వాళ్ళు. జీడిమెట్లలో చిన్న మందుల ఫ్యాక్టరీ ఉంది. భార్య పోయి ఆరేళ్ళయింది. కూతురు దివ్య కర్నూలులో డాక్టరు చదువుతోంది. మొదటి రోజు మాస్టారు అందర్నీ జర్మన్ ఎందుకు నేర్చుకుంటున్నారని అడిగాడు. పిల్లలందరూ పై చదువులన్నారు. రంగనాథ్ గారు లేచి, "మాత్రలు అచ్చుకొట్టే మిషనొకటి జర్మనీది కొన్నా సార్, సెకండు హ్యాండుది. అది తెలుగులో చెప్పినా ఇనల్యా, ఇంగ్లీషులో తిట్టినా ఇనల్యా. దాని బాసలోనే మాట్లాడి చూద్దామని వచ్చినా" అన్నారు. క్లాసంతా గొల్లుమంది.

మొన్న వాన పడి మాదాపూర్ రోడ్డు చెరువైపోయింది. ఆటోలు లేవు. మెట్రో దాకా నడిచాం. రంగనాథ్ గారికి గొడుగు లేదు. రంగనాథ్ గారితో నడుస్తుంటే దారి తెలియలేదు, దారంతా ఆ మెషీన్ మీద ఫిర్యాదులే. దారిలో మిర్చిబజ్జీలు తిన్నాం. నా ఉద్యోగం సంగతి చెప్పగానే రంగనాథ్ గారి ముఖం వెలిగిపోయింది. "మిషన్ల పుస్తకాలు రాసేది మీరేనా మేడమ్! నా మిషన్ పుస్తకం ఒక్కసారి చూడాల మీరు" అన్నారు. చూస్తానన్నాను. అంతే. ఇందులో నువ్వు వెతకడానికి ఏమీ లేదు.

వాసంతి


సామర్లకోట,
జూలై 28

మరదలా,

వెతకడానికి ఏమీ లేదన్నావు కనక ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ముప్పై ఏళ్ళుగా పిల్లల పేపర్లు దిద్దుతున్నదాన్ని, నాతోనా!

పోయిన ఉత్తరంలో పేరైనా లేని మనిషి ఈసారి ముందు 'రంగనాథ్ గారు', ప్రథమ. ఆ వెంటనే 'రంగనాథ్ గారికి'. ఆ తరువాత 'రంగనాథ్ గారితో', నువ్వు నిద్రపోయే తృతీయ, ఇప్పుడు మెలకువగానే ఉన్నావు. ఆపైన 'రంగనాథ్ గారి ముఖం'. ఒక్క ఉత్తరంలో ఇన్ని విభక్తులు నా క్లాసులో ఫస్టు వచ్చే పిల్ల కూడా వాడదు.

అంతకంటే ముఖ్యం, వచనం. 'చేరాను', 'రాస్తున్నాను' అని మొదలుపెట్టిన మనిషివి, వాన పడగానే 'నడిచాం', 'తిన్నాం'. ఏకవచనం ఎక్కడ తడిసి కొట్టుకుపోయింది తల్లీ?

మీ అన్నయ్యకు ఏమీ చెప్పలేదు. నిన్న అన్నం తింటూ, "వాసంతి ఈమధ్య ఫోన్లో బాగా నవ్వుతోంది, ఉద్యోగం బాగున్నట్టుంది" అన్నారు. బాగుందిలెండి అని పప్పు వడ్డించాను.

ఆ ఫ్యాక్టరీకి వెళ్ళినప్పుడు చున్నీ జాగ్రత్త. మెషీన్ల దగ్గర వేలాడేవి పనికిరావు. ఇది మాత్రం వెక్కిరింత కాదు.

నీ వదిన


మణికొండ,
సెప్టెంబర్ 7

వదినా,

ఆలస్యానికి క్షమించు. ఏం రాయాలో తెలియక రాయలేదు.

రెండు వారాల కింద శనివారం జీడిమెట్ల వెళ్ళాను. బస్సు దిగగానే మందుల ఘాటు గొంతులోకి దిగుతుంది. రంగనాథ్ గారు గేటు దాకా ఎదురొచ్చారు. నెత్తికి టోపీ, కాళ్ళకు తొడుగులు వేసి లోపలికి తీసుకెళ్ళారు. ఆ మెషీన్ మన బీరువా అంత ఉంటుంది, ఆకుపచ్చ రంగు. పైన బరువైన ఇనప మూత. రోజూ శుభ్రం చేయడానికి ఆ మూత ఎత్తాలి. ఎత్తే ముందు పక్కనున్న లివరు తిప్పితే మూత పైనే నిలబడాలి. ఒక్కోసారి నిలబడదు. అదే ఆయన ఫిర్యాదు.

జర్మన్ పుస్తకం, పక్కనే మెషీన్ అమ్మినవాళ్ళు ఎవరి చేతో డిక్షనరీ చూసి రాయించిన ఇంగ్లీషు అనువాదం. అనువాదంలో 'మూత తెరిచేముందు లివరు తిప్పవలెను' అని ఉంది. జర్మన్‌లో 'డీ హేబెల్' అని ఉంది. హేబెల్ అంటే లివరే. కానీ వదినా, అది మగ మాట. ఒక్క లివరునే తిప్పమనాలంటే 'డెన్ హేబెల్' అనాలి. మగ మాటకు 'డీ' వచ్చిందంటే ఒకటే దారి, అది బహువచనం. ఒకటైనా వందైనా మారని మాటలున్నాయని రాశానే, వాటిలో ఇదొకటి. నేను మూడుసార్లు చూసుకున్నాను. రసజ్ఞకు ఫోన్ చేసి అడిగాను. అనుమానం లేదు. లివరు కాదు, లివర్లు.

వెతికాం. వెనకవైపు కింద, చట్రానికి అతుక్కుపోయి, రంగు కింద కప్పబడిపోయిన ఇనప ముక్క ఒకటి కనిపించింది. అమ్మేముందు మెషీన్‌కు కొత్త రంగు వేసినవాళ్ళు దాని మీద కూడా వేసేశారు. రంగనాథ్ గారు స్క్రూడ్రైవరుతో గీకి, గట్టిగా లాగితే కదిలింది. రెండూ తిప్పాక మూతను ముగ్గురు పట్టుకుని ఊపినా కిందికి రాలేదు.

నేను సంతోషంతో చప్పట్లు కొట్టాను. ప్యాకింగులో పనిచేసే అంజమ్మ అక్కడే నిలబడి ఉంది. ఆవిడ కొట్టలేదు. "ఏంది సార్ ఇది... గట్లైతే బుల్లిబాబు అబద్ధం చెప్పలే కద" అంది.

బుల్లిబాబు తుని అతను. రెండేళ్ళ కింద ఆ మెషీన్ మీద పనిచేసేవాడు. మూత పడి కుడిచేతి చూపుడు వేలు సగం పోయింది. లివరు తిప్పాననే చెప్పాడట. ఎవరూ నమ్మలేదు. తాగి వచ్చాడని విచారణ కాగితంలో రాశారు. దాని మీద సంతకం రంగనాథ్ గారిదే. ఆయనే దవాఖాన ఖర్చంతా పెట్టుకున్నారు. కానీ బుల్లిబాబు తిరిగి పనిలోకి రాలేదు.

అంజమ్మ వెళ్ళాక నేను, "బుల్లిబాబుని పిలిచి చెప్పాలి కదండీ" అన్నాను. ఆ మనిషి ముఖం మారిపోయింది. "మూడు నెల్ల జర్మన్ వచ్చిందని ఒక్క అక్షరం పట్టుకోని తీర్పు చెప్తారా మేడమ్? ఆ పొద్దు వాసన వస్తాండాదని సూపర్‌వైజరు చెప్పినాడు" అన్నారు. "మీరు చూశారా?" అన్నాను. ఆయన కారు తాళాలు తీశారు. కారులో దింపుతానంటే వద్దని బస్సెక్కాను.

ఆ తర్వాత ఆయన క్లాసుకు రావడం లేదు.

వాసంతి


సామర్లకోట,
సెప్టెంబర్ 13

అమ్మా వాసంతీ,

ఈసారి వెక్కిరించను.

నువ్వు చెప్పింది సరైనదే. చెప్పిన చోటు, చెప్పిన తీరు కూడా సరైనవే. ఇందులో నీ తప్పు వెతుక్కోకు, అది నీకు పాత అలవాటు. ఆ నాలుగేళ్ళలో పాలు పొంగినా నీ తప్పే, కరెంటు పోయినా నీ తప్పే. అతను ఒక్కసారి కూడా 'పొరపాటు నాది' అనలేదు. నువ్వు ఇంటికి తిరిగొచ్చిన రోజు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "నేను ఏం తప్పు చేశాను వదినా?" అని. నేను మరిచిపోలేదు.

ఈ రంగనాథ్ గారు కోపం తెచ్చుకున్నారు. తప్పు అని తెలిసిన క్షణంలో ఎవరికైనా ముందు కోపమే వస్తుంది. దాన్ని బట్టి మనిషిని కొలవకు. తరువాత ఏం చేస్తాడో దాన్ని బట్టి కొలువు. నువ్వు ఫోన్ చేయకు. మెసేజ్ పెట్టకు. క్లాసు మానకు. పరీక్ష నీది, ఉద్యోగం నీది.

ఆయన ఏమీ చేయకపోతే, ఒక మంచి మనిషితో ఒక వానాకాలం నడిచాననుకో. అంతకంటే ఎక్కువ ఏడవకు. ఏడుపొస్తే నాకు రాయి.

వదిన


మణికొండ,
సెప్టెంబర్ 22

వదినా,

రాలేదు. వెనక బెంచీ ఖాళీ. నామవాచకాల పరీక్షలో క్లాసులో రెండోదాన్ని వచ్చాను. మొదటిది రసజ్ఞే.

ఏడవలేదు. కొంచెమే.

వాసంతి


మణికొండ,
అక్టోబర్ 5

వదినా,

తీరిగ్గా కూర్చుని చదువు. స్టాఫ్ రూములో వద్దు.

క్రితం గురువారం క్లాసు అయ్యాక దిగుతుంటే టిఫిన్ సెంటర్ ముందు రంగనాథ్ గారు నిలబడి ఉన్నారు. గడ్డం మాసిపోయి ఉంది. "పోయినా మేడమ్, బుల్లిబాబు కాడికి" అన్నారు.

బుల్లిబాబు తెల్లాపూర్‌లో ఒక పెద్ద అపార్టుమెంట్ల గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. ఈయన కారు ఆపి దిగితే ముందు సెల్యూట్ కొట్టాడట, తరువాత గుర్తుపట్టాడట. రెండో లివరు సంగతి మొత్తం విన్నాడట. విని, "వేలు పోయినందుకు కాదండి నా బాధ. ఎవరి చెయ్యి వాళ్ళ కర్మండి. తాగొచ్చానని రాశారు చూశారా, మా ఆవిడ కూడా నమ్మేసిందండి. ఆ రోజు నుంచి జీతం తేగానే నా నోరు వాసన చూస్తదండి" అన్నాడట.

రంగనాథ్ గారు ఏం చేయమంటావని అడిగితే, "ఏమీ వద్దండి. ఆవిడ ముందు చెప్పండి. అక్కడే, ఆ మెషీన్ దగ్గరే" అన్నాడట.

"రేప్పొద్దున రమ్మన్నా. మీరూ రావాల మేడమ్. చదివింది మీరే" అన్నారు. ఆఫీసుకు సెలవు పెట్టి వెళ్ళాను.

పనివాళ్ళందరినీ నిలబెట్టారు. అప్పటి సూపర్‌వైజరు కూడా ఉన్నాడు, నేల చూస్తూ. బుల్లిబాబు గార్డు యూనిఫారంలోనే వచ్చాడు. భార్య సన్నగా, పొట్టిగా, గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. రంగనాథ్ గారు ఉపన్యాసం చెప్పలేదు. ఆ పాత విచారణ కాగితం పైకి చదివారు. చదివి, "ఇందులో రాసింది నిజం కాదు. బుల్లిబాబు ఆ పొద్దు తాగి రాల్యా. లివరు తిప్పినాడు. రెండోది ఉందని ఈడ ఎవరికీ తెలీదు, నాకూ తెలీదు. తెలుసుకోకుండానే సంతకం పెట్టినా. తప్పు నాది" అన్నారు. ఆమె వైపు తిరిగి, "నాదేనమ్మా" అని మళ్ళీ అన్నారు.

బుల్లిబాబు మెల్లగా మెషీన్ దగ్గరికి వెళ్ళి, పక్క లివరు తిప్పాడు, వంగి వెనక లివరు తిప్పాడు, మూత ఎత్తి వదిలాడు. నిలబడింది. అప్పుడా మొండి వేలున్న చెయ్యి ఆ మూత కిందే పెట్టి, భార్య వైపు చూసి నవ్వాడు.

"ముందా చెయ్యి తియ్యవయ్యా బాబూ!" అని ఆమె ఒక్క అరుపు అరిచి, పరుగెత్తుకెళ్ళి అతని చెయ్యి లాగేసి, ఆ చేతిని తన కొంగులో చుట్టుకుని ఏడ్చింది. అంజమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఈసారి లెక్కలేనంత.

పనిలోకి రమ్మంటే, "ఆలోచించుకుంటానండి" అన్నాడు. అతను అలా అనడం నాకు నచ్చింది. తాగలేదని రాసి, సంతకం పెట్టి, నోటీసు బోర్డుకు అంటించారు. మెషీన్ పుస్తకం మొత్తం తెలుగులో నేను రాసిస్తానన్నాను.

బయటికి వచ్చాక రంగనాథ్ గారు, "ఆ దినం మీ మింద కోప్పడినా" అన్నారు. అవునన్నాను. "ఇంగెప్పుడన్నా తప్పు చదివితే చెప్తారా?" అన్నారు. చెప్తానన్నాను. ఈసారి బస్సెక్కలేదు.

వాసంతి


సామర్లకోట,
అక్టోబర్ 14

మరదలు పిల్లకు,

స్టాఫ్ రూములో వద్దన్నావు కనక లైబ్రరీలో చదివాను. కళ్ళజోడు తుడుచుకుంటుంటే అటెండరు చూసి, "చెడ్డ వార్తా అమ్మా?" అన్నాడు. కాదయ్యా, చాలా మంచిది అన్నాను. ఇక నా ప్రేమకథ ఊరంతా ఖాయం.

'ఈసారి బస్సెక్కలేదు.' ఎంత పొదుపైన వాక్యం! కర్త లేదు, కారు లేదు, కారు నడిపిన వారు లేరు. నా వ్యాకరణమంతా నీకు నేర్పి నేనే చెడ్డాను.

నిన్న మీ అన్నయ్యకు చెప్పేశాను, మొత్తం. తిట్టుకో. ముందు నీ ఉద్యోగం గండం సంగతి విని కంగారుపడ్డారు. తరువాత ఈయన సంగతి విని పేపరు మడిచి పక్కన పెట్టారు. "ఎక్కడి నంద్యాల, ఎవరు వాళ్ళు, మనకు ఏం తెలుసు" అన్నారు. కాసేపటికి, "మొదటిది నేను చూసి, విచారించి, నలుగురినీ అడిగి చేశాను రత్నా. అప్పుడు నాకు అన్నీ తెలుసు. ఇప్పుడు మళ్ళీ నా నోటితో సరే అని ఎలా అనను?" అన్నారు. ఆయన భయం నంద్యాల మీద కాదు వాసంతీ. తన మీదే.

నువ్వు ఆయన్ని అనుమతి అడగకు. అడిగితే ఆ బరువు మళ్ళీ ఆయన నెత్తిన పడుతుంది. నీ నిర్ణయం నువ్వు తీసుకుని, చెప్పు. చాలు.

వదిన


మణికొండ,
డిసెంబర్ 11

వదినా,

పాసయ్యాను! గొప్ప మార్కులేం కాదు, కానీ పాసు పాసే. హేమంత్ మిఠాయి డబ్బా తెచ్చాడు. ఆ 'లేకపోతే' ఇక లేదు. మళ్ళీ క్లాసుకు రావడం మొదలుపెట్టిన రంగనాథ్ గారు కూడా పాసయ్యారు, అంచు మీద. రాతలో గట్టెక్కి, మాట్లాడేదాంట్లో మునగబోయి, మాస్టారు పుణ్యమా అని తేలారు.

ఫలితాలు వచ్చిన రోజు కింద టిఫిన్ సెంటర్‌లో కూర్చున్నాం. ఆయన చొక్కా జేబులోంచి కాగితం ముక్క తీసి, చాలా గంభీరంగా ఒక జర్మన్ వాక్యం చదివారు. 'నేను నిన్ను ప్రేమిస్తున్నాను' అనబోయారు పాపం. ద్వితీయ పెట్టాల్సిన చోట చతుర్థి పెట్టేశారు. నాకు నవ్వాగలేదు. "విభక్తి తప్పండీ" అన్నాను. "తప్పు చదివితే చెప్తానన్నారు గదా, చెప్పినారు. సరే. విభక్తి పోనీండి, సంగతి తప్పా?" అన్నారు.

సంగతి తప్పు కాదన్నాను.

తరువాత చాలాసేపు మాట్లాడుకున్నాం. నా ఉద్యోగం నాది, మణికొండ ఫ్లాటు నాది, ఇవి మారవన్నాను. "మిమ్మల్ని మార్చుకునేకి కాదు మేడమ్ అడిగేది" అన్నారు. ముందు ఆ మేడమ్ మానమన్నాను. దివ్యతో నాలుగుసార్లు మాట్లాడాను. ఆ పిల్ల నన్ను మొదట అడిగింది, "ఆంటీ, మా నాయన గురకకి మీరు తట్టుకుంటారా?" అని.

నిర్ణయం తీసుకున్నాను వదినా. అడగడం లేదు, చెబుతున్నాను. ఒక ఆదివారం నువ్వూ అన్నయ్యా వచ్చి భోజనం చేసి వెళ్ళండి. అన్నయ్య ఏమీ మాట్లాడకపోయినా పరవాలేదు. వస్తే చాలు.

వాసంతి


సామర్లకోట,
డిసెంబర్ 18

బంగారు తల్లీ,

నీ ఉత్తరం మీ అన్నయ్య చేతికే ఇచ్చాను. చదివి, మడిచి, చొక్కా తొడుక్కుని బయటికి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం భోజనానికి రాలేదు. నేను రెండుసార్లు వీధి గుమ్మం దాకా వెళ్ళి చూసి వచ్చాను. సాయంత్రం ఎండ తగ్గాక వచ్చి, చేతిలో రెండు టికెట్లు పెట్టారు. గౌతమికి, శనివారం రాత్రి. ఆదివారం పొద్దున్నే లింగంపల్లిలో దిగుతాం.

"స్టేషనుకు పోయి రావడానికి ఇంతసేపా?" అన్నాను. "కాలవ గట్టున కూర్చున్నాను కాసేపు" అన్నారు. కాళ్ళు కడుక్కుని వచ్చి, మజ్జిగ తాగుతూ, "తప్పు నాది అని పనివాళ్ళందరి ముందూ అన్నాడా?" అని అడిగారు. అన్నారని చెప్పాను. "ఆ పిల్లాడి పెళ్ళాం ముందు కూడా?" అన్నారు. రెండుసార్లు అన్నారని చెప్పాను. "ఆ కుర్రాడు పనిలో చేరాడా?" అన్నారు. అది నువ్వే వచ్చాక చెప్పాలి.

ఆ తరువాత ఇంక ఆ మాట ఎత్తలేదు. పెరట్లో నిమ్మకాయలు కోయించారు. ఎందుకంటే, నంద్యాల వాళ్ళు కారం ఎక్కువ తింటారట, నిమ్మకాయ ఉండాలట. కొత్త పంచె తీయించారు. నిన్న రాత్రి పడుకోబోతూ హఠాత్తుగా లేచి, "ఆయన నాకంటే చిన్నవాడే కదా? ఏమని పిలవను?" అన్నారు. మీ ఇష్టం అన్నాను.

ఇవాళ పొద్దున్న నేను వంటింట్లో ఉన్నాను. మీ అన్నయ్య వరండాలో ఒక్కరే నిలబడి, గొంతు సవరించుకుని, ఖాళీ కుర్చీ వైపు చెయ్యి చూపించి, మెల్లగా అన్నారు, "రండి బావగారూ, కూర్చోండి."

నచ్చలేదు కాబోలు, ఇంకొంచెం గట్టిగా మళ్ళీ అన్నారు.

నీ వదిన,
రత్నమాల